టికెట్టు వెనక

ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్లకు
ఎనిమిది పేజీల దూరం.
కిటికీ సీటు దొరికితే పది.
పెన్న బ్రిడ్జి మీద మాత్రం తలెత్తి చూస్తాను
నీళ్ళేమైనా వచ్చాయేమోనని.
ఇసక.
మళ్ళీ పేజీలోకి.

ముద్దనూరు బస్సు కండక్టరు నబీరసూల్
మొదటి రోజు టికెట్టు కొట్టి
నా ఒళ్ళో పుస్తకం అట్ట చూసి
"నలభై పేజీల దాకా నోరిప్పదు అది, ఇడిసిపెట్టాకు" అన్నాడు.
చిల్లర లేదని
టికెట్టు వెనక మూడు అంకె వేసి, చుట్టూ గీత చుట్టి
దాని కింద ఇంకేదో గీకినాడు.
దిగి చూసుకుంటే
ఇంకో పుస్తకం పేరు.

అప్పట్నుంచీ అదే వరస.
కథ చెప్పడు. రాసినవాళ్ళ గొప్పలు చెప్పడు.
"ఇది పొద్దున్నే సదవాకు, పనికి పోబుద్ధి కాదు."
"ఇంట్లో కొట్లాడిన దినం తియ్యి దీన్ని."
"సగంలో ఆపు, మిగతాది వేరే ఎవడో రాసినట్టుంది."
మధ్యలో
"ఫుట్‌బోర్డు మీద ఎవురు? లోపలికి జరగండి"
అదే గొంతు, అదే ఊపిరి.

నేనూ ఊరకుండలేదు.
బండల పాలిష్ ఫ్యాక్టరీలో లోడు లెక్కలు రాసే చేత్తో
చీటీ రాసిచ్చాను ఓసారి,
రెండు రాత్రులు నన్ను నిద్రపోనివ్వని నవల పేరు.
పదైదు రోజులకు వచ్చింది తీర్పు:
"నూరు పేజీలు వాన కురిపిచ్చినాడు కదక్కా,
ఒగడన్నా ఇత్తనం మాట ఎత్తినాడా?
గొడుగులు, కిటికీలు, కన్నీళ్ళు.
మా నాయనైతే ఆ వానకు రెండు పంటలు తీసేవాడు."
బస్సంతా నవ్వింది, ఎందుకో తెలీకుండానే.
ఎర్రగుంట్ల దాకా మాట్లాడలేదు నేను.
రాత్రి మళ్ళీ తీసి చూస్తే
నిజమే, ఆ పుస్తకంలో ఎవరూ
ఆకాశం వైపు అనుమానంగా చూడరు.
అయినా నాకిష్టమే.
అది ఇంకా ఆయనకు చెప్పలేదు.

ఓ సోమవారం చేతిసంచిలోంచి తీసిచ్చాడు
బావులు తవ్వేవాళ్ళ నవల.
అట్ట లేదు, పేరు లేదు, చివర పదహారు పేజీలు లేవు.
"బొరుగులంగట్లో పొట్లాలకు చించబోతాంటే పట్టుకున్నా.
నీళ్ళు పడినాయో లేదో నువ్వు చెప్పు."
పన్నెండు మట్ల లోతులో ఆగిపోయింది కథ,
గడ్డపార కింద చప్పుడు మారిన చోట.
పడ్డాయి అన్నాను నేను.
రాయి అన్నాడు ఆయన.
నెలరోజులు వాదించుకున్నాం
టికెట్టుకు ఒక్క మాట చొప్పున.

ఇప్పుడన్నీ మిషను టికెట్లు గదా,
సంచికి ఎండ తగిలితే చాలు, అచ్చు ఎగిరిపోతుంది.
ఎక్కడ ఎక్కానో, ఎక్కడ దిగానో, ఎంతిచ్చానో
అంతా తెల్లకాగితం.
వెనక బాల్‌పెన్ను గీతలు మాత్రం పోలేదు.
"రాయే."
"రెండోసారి సదువు."
గీత చుట్టిన మూడు.

ఈ నెల ఆయన్ను పోరుమామిళ్ళ రూటుకు వేశారంట.
కొత్తబ్బాయి ఓబుళపతి ఫోను చూపించి స్కాన్ చేయమంటాడు.
పైసాతో సహా సరిపోతుంది,
టికెట్టు వెనక రాయడానికి ఏమీ మిగలదు.
ఎనిమిది పేజీలు చదువుకుని దిగిపోతున్నాను.

నిన్న ఏడో పేజీలో ఒక ముసలామె
ఎండిన చెరువుకు అడ్డంగా నడిచిపోతూ
ఈతొచ్చిన రోజులు తలుచుకుంటుంది.
తలెత్తాను.
చెప్పడానికి ఎవరూ లేరు.
పక్క సీటాయన నిద్రపోతున్నాడు టమాటా బుట్ట పట్టుకుని.

కొత్తబ్బాయిని పెన్నడిగాను.
టికెట్టు వెనక పుస్తకం పేరు రాశాను.
కింద "ఇందులో వాన లేదు" అని,
"చివర బాగలేదు, అయినా సదువు" అని.
డిపోలో ఇమ్మన్నాను.

"ఇంకేమన్నా చెప్పాల్నా మేడం?"

ఆ మూడు రూపాయలు
ఎవరి చేతా పంపొద్దని చెప్పు.